బాలుర తుంటివ్యాధి: ఒక పేరు రెండైన కథ

మదనపల్లె పేరు వినగానే క్షయవైద్యమును గూర్చి యెరిగినవారికి మొదట స్ఫురించునది ఆరోగ్యవరము. దక్షిణ భారతమునందలి కొన్ని క్రైస్తవ మిషను సంఘములు ఏకమై 1912 లో మదనపల్లెలో క్షయరోగుల కొరకు ఒక శానిటోరియమును నెలకొల్పెను. 1915 లో అది పట్టణమునకు వెలుపల, ఇప్పుడున్న స్థలమునకు మారెను. డెన్మార్కు దేశస్థుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్ దానికి తొలి అధిపతి. రెండువేల అడుగులకు మించిన ఎత్తు, పొడిగాలి, తీవ్రము కాని ఎండ, ఇవన్నియు క్షయరోగికి హితములని ఆనాటి వైద్యుల నమ్మకము. క్రిమిని చంపు మందు లేని ఆ కాలమున గాలియు, వెలుతురును, విశ్రాంతియు, పుష్టినిచ్చు ఆహారమును మందులుగా చెల్లెను.

మల్లయ్యకొండ చేరువనున్న తంబళ్లపల్లె మొదలుకొని దక్షిణమున పుంగనూరు, కుప్పముల వరకు గల మెట్టసీమలో క్షయ అన్నచో దగ్గు, జ్వరము, రక్తము పడుట అను భావమే జనులకు కలుగును. నేడు మేము చెప్పబూనినది ఊపిరితిత్తులను గూర్చి కాదు. పిల్లవాని తుంటికీలును గూర్చి. క్షయ యని పేరుపెట్టబడి, క్షయకు వలెనే చికిత్స చేయబడి, తుదకు క్షయ కాదని తేలిన ఒక వ్యాధిని గూర్చి. దాని చరిత్రలో వైద్యశాస్త్రము తన్ను తాను ప్రశ్నించుకొన్న ఘట్టమొకటి కలదు. ఆ ప్రశ్న మిక్కిలి సామాన్యమైనది. రోగి కోలుకొన్నాడు సరే. ఏమి చేయుటవలన కోలుకొన్నాడు?

క్షయక్రిమిని జర్మను శాస్త్రజ్ఞుడు రాబర్టు కోఖ్ 1882 లో కనుగొనెను. అది తరచుగా ఊపిరితిత్తులలో చేరును గాని, అచ్చటినుండి రక్తముతోబాటు ఎముకలకును కీళ్లకును ప్రాకగలదు. ఎముకల క్షయలో ఇంచుమించు సగము వెన్నెముకను పట్టును. దాని తరువాత ఎక్కువగా పట్టునది తుంటికీలు. ఈ కీలు నిర్మాణము మిగుల చక్కనిది. తొడయెముక పైకొన బంతివలె గుండ్రనిది. అది కటియెముకలోని గిన్నెవంటి గుంటలో అమరి అన్నివైపులకు తిరుగును. క్షయ ప్రవేశించినపుడు మొదట కీలుపొర ఉబ్బును. పిదప బంతిని, గుంటను కప్పియున్న మృదులాస్థి కరగిపోవును. తుదకు ఎముకయు శిథిలమగును. చీము చేరి గజ్జలోనో తొడమీదనో గడ్డగా పొడసూపును. పగటివేళ బిడ్డ కీలును కదలనీయక కండరములను బిగించియుండును. నిద్రలో ఆ బిగువు సడలగానే కీలు కదలి, బిడ్డ కెవ్వున ఏడ్చి లేచును. ఈ రాత్రియేడుపును దిష్టి యనియు, గాలి సోకిన దనియు తలచి తాయెత్తులు కట్టిన తల్లులెందరో. వారిని తప్పుపట్ట నక్కరలేదు. అదే కాలమున మహానగరముల వైద్యులకును చేతనైనది స్వల్పమే.

ఆ స్వల్పమునకొక క్రమమును కల్పించినవాడు ఇంగ్లండులోని లివర్‌పూల్ నగర వైద్యుడు హ్యూ ఓవెన్ థామస్ (1834–1891). అతని తండ్రి వైద్యపట్టము లేని ఎముకలు కట్టువాడు. వేల్సు ప్రాంతమున తరతరములుగా ఆ కుటుంబమునకు అదియే వృత్తి. మన చిత్తూరు సీమలో పుత్తూరు కట్టునకెట్టి పేరు కలదో వారి చేతికిని అట్టి పేరుండెనని చెప్పినచో శ్రోతలకు సులభముగా బోధపడును. థామస్ ఇంటివిద్యకు శాస్త్రవిద్యను జోడించి, 1875 లో తుంటి, మోకాలు, చీలమండ కీళ్ల వ్యాధులపై గ్రంథము ప్రకటించెను. జబ్బుపడిన కీలునకు కావలసినది విశ్రాంతి యనియు, అది సంపూర్ణముగా, ఎడతెగక, చిరకాలము సాగవలె ననియు అతని సిద్ధాంతము. అందులకై వీపునుండి కాలి వెంబడి పోవు ఇనుపబద్దను అమర్చి కట్టుచుండెను. తుంటి వంగి బిగిసినదా లేదా యని తెలిసికొనుటకు అతడు చెప్పిన పరీక్షను వైద్యవిద్యార్థులు నేటికిని నేర్చుకొందురు. రోగిని వెల్లకిల పరుండబెట్టి, మంచికాలిని పొట్టకు ఆనునట్లు మడిచినచో, వంగి బిగిసియున్న జబ్బుకాలి తొడ దానంతట అదియే బల్లమీదినుండి లేచును. యంత్రమక్కరలేదు, ఖర్చు లేదు; చూచు కన్ను ఉన్న చాలును.

ఐరోపాలో పిల్లల ఎముకల క్షయకు ప్రత్యేక వైద్యాలయములు వెలసెను. ఫ్రాన్సు ఉత్తర తీరమున బెర్క్ అను సముద్రతీర గ్రామము వాటిలో ప్రసిద్ధమైనది. స్విట్జర్లండు కొండలలో లేజాన్ అనుచోట డాక్టరు రోలియే 1903 నుండి సూర్యరశ్మి చికిత్స నడిపెను. పిల్లలను పిండికట్టులో బిగించి, మంచములతో సహా ఆరుబయట వరుసగా పరుండబెట్టుచుండిరి. ఒక యేడు కాదు, రెండేండ్లు కాదు; నడక నేర్చిన బిడ్డ నడక మరచిపోవునంత కాలము. తల్లిదండ్రులు ఏ కొన్ని దినములకో వచ్చి చూచిపోవువారు. కొందరు మరణించిరి. పలువురు బిగుసుకొనిపోయిన తుంటితో, పొట్టియైన కాలితో ఇంటికి చేరిరి. కాని కొందరు మాత్రము ఆశ్చర్యకరముగా బాగుపడిరి. చీము పట్టలేదు, కీలు బిగియలేదు, స్వల్పమైన కుంటు తప్ప మరేమియు మిగులలేదు. వీరే ఆ వైద్యాలయముల కీర్తికి కారకులైరి. సముద్రపు గాలి మహిమ యని కొందరు, ఎండ మహిమ యని కొందరు చెప్పుకొనిరి.

అంత బాగుగా కోలుకొన్నవారినే అనుమానించుట వైద్యునకు కష్టమైన పని. తన విజయమును తానే శంకించుట ఎవరికి రుచించును? అందులకు ఎక్స్‌రే కావలసివచ్చెను. రాంట్‌జెన్ 1895 చివర ఆ కిరణమును కనుగొనగా, పది పదునైదేండ్లలో ఆసుపత్రులలో ఎముకల ఛాయాచిత్రములు గుట్టలుగా పేరుకొనెను. ఆ గుట్టలను ఓపికతో తిరిగి చూచినవారికి సత్యము కనబడెను.

1910 వ సంవత్సరమున ముగ్గురు వైద్యులు, మూడు దేశములలో, ఒకరి సంగతి మరియొకరు ఎరుగకయే ఈ విషయమును ప్రకటించిరి. అమెరికాలో బోస్టను నగరమున ఆర్థర్ లెగ్ ఐదుగురు పిల్లలను గూర్చి వ్రాసెను. వారు కుంటుచుండిరి గాని క్షయలక్షణము లొక్కటియు లేవు. జర్మనీలో ట్యూబింగెన్ నగరమున గియోర్గ్ పెర్తెస్ ఆరుగురిని వర్ణించెను. బెర్క్ వైద్యాలయమునందే పనిచేయుచుండిన జాక్ కాల్వే చేసిన పని మాకు అన్నిటికంటె గొప్పదిగా తోచును. అతడు తుంటిక్షయగా లెక్కకెక్కిన ఇంచుమించు 500 ఎక్స్‌రే చిత్రములను మరల పరిశీలించి, వానిలో పది క్షయ కావని తేల్చెను. నూటికి రెండు. చిన్న సంఖ్యయే, కాని ఆ పదిమంది మంచములపై గడపిన సంవత్సరములను కూడినచో చిన్నది కాదు. పైగా అతడు పరీక్షకు పెట్టినది పరుల రోగులను కాదు, తన వైద్యాలయపు పేరునే.

ఈ ముగ్గురికంటె ఒక యేడు ముందే, 1909 లో, స్వీడను వైద్యుడు వాల్డెన్‌స్ట్రోమ్ ఇవే చిత్రములను చూచి చక్కగా వర్ణించెను. అయితే అదియు క్షయయొక్క ఒక సౌమ్యరూపమే యని తలచెను. కంటికి కనబడినది ఒకటే. పెట్టిన పేరు వేరు. అందుచేత వ్యాధికి లెగ్, కాల్వే, పెర్తెస్‌ల పేర్లు నిలిచెను, వాల్డెన్‌స్ట్రోమ్ పేరు వెనుకబడెను. పిమ్మట అతడు తన అభిప్రాయమును మార్చుకొని, ఆ వ్యాధి దశలను వివరించుటలో అందరికంటె ముందు నిలిచెను. వాడుకలో నేడిది పెర్తెస్ వ్యాధి. 1913 లో పెర్తెస్ ఆ ఎముకను సూక్ష్మదర్శినిక్రింద పరీక్షించి, అందు క్షయ గుర్తులు గాని చీము గుర్తులు గాని లేవని చూపెను.

మరి ఈ వ్యాధి యేమి? తొడయెముక శిరస్సునకు రక్తము అందకపోవుట. ఎందుచేత అందదో నేటికిని నిశ్చయముగా తేలలేదు. అది ఆ వయస్సుననే ఏల వచ్చునో మాత్రము కొంత తెలిసినది. కెటలోనియానుండి ఇంగ్లండునకు శరణార్థియై వచ్చి ఆక్స్‌ఫర్డులో పనిచేసిన ట్రుయేటా అను శస్త్రవైద్యుడు 1957 లో, పెరుగుచున్న బిడ్డ తొడయెముకలో రక్తనాళముల తీరును వివరించెను. ఇంచుమించు నాలుగేండ్లనుండి ఏడేండ్ల వరకు ఆ ఎముక శిరస్సు ఒక ప్రక్కనుండి వచ్చు సన్నని నాళములపైననే ఆధారపడియుండును. క్రింది దారి అప్పటికి మూతబడును. గుంటవైపునుండి రావలసిన దారి ఇంకను తెరువబడదు. ఒకే కాలువ క్రింద సాగైన మడివంటిది ఆ ఎముక. ఆ కాలువ ఆగినచో మరియొక ఆధారము లేదు. ఈ వ్యాధి అధికముగా నాలుగునుండి ఎనిమిదేండ్ల లోపు పిల్లలకు వచ్చును. బాలికలకంటె బాలురకు నాలుగైదు రెట్లు ఎక్కువ. పదిమందిలో ఒకరికో, అంతకు కొంచెము మించియో, రెండు ప్రక్కలను రావచ్చును.

రక్తమందని ఎముక మొదట చచ్చును. ఎక్స్‌రేలో అది తెల్లగా, చిన్నదిగా కనబడును. పిదప శరీరమే ఆ మృతభాగమును తొలగించుట కారంభించును. అపుడు శిరస్సు ముక్కలు ముక్కలైనట్లు కనబడి తండ్రులను భయపెట్టును. మూడవదశలో క్రొత్త ఎముక పుట్టును. నాలుగవదశలో అది గట్టిపడును. మొత్తము రెండునుండి నాలుగేండ్లు పట్టును. అనగా వ్యాధి తనంతట తానే నయమగును! చావు లేదు, చీము లేదు. చిక్కంతయు ఆకారముతోనే. నడుమ దశలలో ఆ ఎముక శిరస్సు తడిమట్టి ముద్దవలె మెత్తన. గుంటలో చక్కగా అమరియున్నచో గుంట దానికి అచ్చువలె పనిచేసి గుండ్రదనమును నిలుపును. ప్రక్కకు జరిగి గుంట అంచున నలిగినచో చదునై, ఆ చదునుతోనే గట్టిపడును. గుండ్రనిగా లేని బంతి గుండ్రని గుంటలో తిరిగిన అరుగుదల తప్పదు. అట్టివానికి నడివయస్సుననే తుంటినొప్పి మొదలగును.

కనుక 1910 తరువాత పిల్లల మంచములు వెంటనే ఖాళీ కాలేదు. పేరు మారినను చికిత్స మారలేదు. శరీరభారము పడినచో శిరస్సు నలుగునను భయమున మరల ఏండ్ల తరబడి పడకయే. 1947 ప్రాంతమున అమెరికాలో జబ్బుకాలిని వారుతో మడిచికట్టి చంకకర్రలపై నడిపించు పద్ధతి వచ్చెను. కెనడాలో పెట్రీ అను వైద్యుడు రెండు కాళ్లను ఎడముగా చాపి, నడుమ కర్ర పెట్టి పిండికట్టు వేసి, బిడ్డను నడువనిచ్చెను. బంతిని గుంటలో లోతుగా నిలుపుట అతని ఉద్దేశము. 1961 లో సాల్టర్, పుట్టుకతో తుంటి తప్పిన పిల్లలకై, కటియెముకను కోసి గుంటను త్రిప్పు శస్త్రచికిత్సను ప్రకటించెను; పిదప దానిని ఈ వ్యాధికిని వాడిరి. 1965 లో ఆక్సర్ తొడయెముకనే కోసి వంచు పద్ధతిని వివరించెను. ప్రతి పద్ధతికిని మంచి ఫలితములు వచ్చెను. రాకేమి? వ్యాధియే నయమగు స్వభావము కలది. బెర్క్‌లో సముద్రపు గాలికి దక్కిన కీర్తి ఇప్పుడు పిండికట్టునకు, కత్తికి దక్కుచుండెను. 1971 లో లండను వైద్యుడు కాటరాల్, ఏ చికిత్సయు పొందని పిల్లలనుకూడ పరిశీలించి, వారిలో సగము మందికి పైగా బాగుగానే ఉండిరని చూపినపుడు గాని ఆ సంగతి వైద్యలోకమునకు నాటుకొనలేదు.

ఇచ్చట మదనపల్లెకు మరల రావలసియున్నది. చికిత్స పొందినవారిని మాత్రమే చూచిన చాలదు, పొందనివారితో పోల్చి చూడవలెనను పద్ధతి ఈ సీమ వైద్యమున ముందుగనే అడుగు పెట్టెను. 1948 లో మనదేశమున బి.సి.జి. టీకా ప్రయత్నము మదనపల్లెలో ఆరంభమయ్యెను. 1950 మొదలు, తొలి అధిపతి కుమారుడు డాక్టరు యొహానెస్ ఫ్రిమోట్ మొల్లర్, చుట్టుప్రక్కల పల్లెలలో టీకా వేసినవారిని వేయనివారిని ఏండ్ల తరబడి గమనించు పరిశోధన నడిపెను. టీకా మహిమను చాటుట కాదు, కొలుచుట అతని పని. కొలిచినపుడు రక్షణ ఆశించినంత కనబడలేదు. పసిబిడ్డలలో క్షయ మెదడు పొరలకు ప్రాకుటవంటి ప్రాణాంతక రూపములను ఆ టీకా అడ్డగించునని మాత్రము అనేక దేశముల అనుభవము నిలిపినది. అందుకే నేటికిని పుట్టిన బిడ్డకు వేయుచున్నారు.

దాని వెంటనే మద్రాసు. స్ట్రెప్టోమైసిను 1943 లోను, ఐసోనయజిడు చికిత్స 1952 లోను వచ్చిన పిదప, శానిటోరియముల అవసరమెంత అను ప్రశ్న పుట్టెను. 1956 లో మద్రాసున స్థాపితమైన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము కొందరు రోగులకు శానిటోరియములోను, కొందరికి వారి పేద యిండ్లలోను ఒకే మందులనిచ్చి పోల్చెను. 1959 లో వెలువడిన ఫలితము లోకమును ఆశ్చర్యపరచెను. మందు సరిగా తినినచో ఇంటనున్నవారును శానిటోరియములోనున్నవారివలెనే కోలుకొనిరి. గాలి, ఎత్తు, పడక, పాలు, గ్రుడ్లు, వీనికి మనము ఆపాదించిన శక్తిలో అధికభాగము మందుదేనని తేలెను. ఆరోగ్యవరమును ఆ తరువాత సాధారణ వైద్యాలయముగా రూపుమార్చుకొనెను. ఇది దానికి చిన్నతనము కాదని మా అభిప్రాయము; తన అవసరమును తగ్గించిన శాస్త్రమునకు తానే తోడ్పడిన సంస్థలు ఎన్ని కలవు?

అట్టి పోలిక తుంటివ్యాధికి చాల ఆలస్యముగా వచ్చెను. డల్లాసు వైద్యుడు హెరింగ్ నాయకత్వమున 438 మంది పిల్లలను చేర్చుకొని, పెరుగుదల ముగియువరకు గమనించిన పరిశోధన 2004 లో వెలువడెను. ఎనిమిదేండ్లలోపు వ్యాధి వచ్చి, ఎముక శిరస్సు కొంతమేరకే కూలినవారికి ఏ చికిత్స చేసినను, చేయకున్నను, ఫలితము ఇంచుమించు సమానమే. ఎనిమిదేండ్లు దాటి, ఒక మోస్తరుగా కూలినవారికి శస్త్రచికిత్స మేలు చేసెను. మిక్కిలి కూలినవారికి ఏదియు అంతగా ఉపకరింపలేదు.

ఈ ఎనిమిదేండ్ల హద్దు మనకు ముఖ్యమైనది. కర్ణాటక తీరమున మణిపాల్ వైద్యకళాశాలలో డాక్టరు బెంజమిన్ జోసెఫ్ మున్నగువారు 1988 లో దక్షిణ భారతమున ఈ వ్యాధి వ్యాప్తిని గూర్చి ప్రకటించిన పరిశోధనలో, మన పిల్లలకిది పాశ్చాత్య బాలురకంటె కొంత పెద్దవయస్సున వచ్చుచున్నదని కనబడెను. పెద్దవయస్సున వచ్చిన ఎముక తిరిగి గుండ్రనగుటకు మిగిలిన పెరుగుదల కాలము తక్కువ. కావున, తనంతట తానే నయమగునను మాటను నమ్మి కూర్చుండుట ఐదేండ్ల బాలునికి చెల్లినట్లు తొమ్మిదేండ్ల బాలునికి చెల్లదు. శస్త్రచికిత్స చేయవలసియున్నచో శిరస్సు కూలకముందే, మొదటి దశలలోనే చేయవలెనని మణిపాల్ వైద్యులే 2003 లో సూచించిరి.

మరియొక చిక్కు మనకున్నది, పాశ్చాత్యులకు అంతగా లేనిది. వారి దేశములలో తుంటిక్షయ అరుదైపోయెను. మనదేశమున అది నేటికిని కలదు. కాల్వే కాలమున పొరపాటు ఒకవైపు, పెర్తెస్ వ్యాధిని క్షయగా భ్రమించుట. ఇప్పుడు రెండువైపుల పొరపాటునకును అవకాశము కలదు. క్షయను పెర్తెస్ అనుకొని వేచియున్నచో కీలు కరగిపోవును. నెలలు గడచిన తరువాత మందిచ్చినను పోయిన మృదులాస్థి తిరిగిరాదు. సకాలమున గుర్తించినచో, ప్రభుత్వము ఉచితముగా ఇచ్చు మందులను సుమారు ఒక సంవత్సరము, అవసరమైనచో మరికొన్ని నెలలు, విడువక వాడిన పలువురు పిల్లలు కదలాడు కీలుతోనే బాగుపడుచున్నారు. పిండికట్టులో ఏండ్ల తరబడి పరుండుట లేదు.

పల్లెలో ఈ బిడ్డను గుర్తించుట ఎట్లు? తుంటి జబ్బైనను బిడ్డ మోకాలినే చూపును. రెండింటికిని నరములు ఒకటే కావున తొడలోను మోకాలిలోను నొప్పి తోచును. మోకాలికి నూనెలు మర్దించి, పట్టులు వేసి నెలలు జరుపుట ఇందువలననే. పుత్తూరు కట్టుపై మాకు చులకన లేదు. కాని ఈ రెండు వ్యాధులలో ఏదియు కట్టవలసిన విరుగుడు కాదు. జ్వరముతో బాటు ఒక్కసారిగా కాలు కదపలేకపోయినచో అది మరియొక సంగతి. కీలులో చీము పట్టియుండవచ్చును, ఆ దినమే ఆసుపత్రికి చేర్చవలెను. జలుబు చేసి తగ్గిన తరువాత నాలుగు దినములు కుంటి మానుట చాలమందికి కలుగు చిన్న కీలువాపు. కుంటు వారము పదిదినములు దాటియు పోకున్నను, పోయి మరల వచ్చుచున్నను, కాలు వెడల్పుగా చాపలేకున్నను, లోపలికి త్రిప్పలేకున్నను తుంటికి ఎక్స్‌రే తీయించవలెను. ఇంటిలో ఎవరికైన క్షయ వచ్చియున్నచో ఆ మాట వైద్యునితో తప్పక చెప్పవలెను. క్షయ అనుమానమున్నపుడు రక్తపరీక్షతోను చిత్రముతోను సరిపెట్టక, కీలునుండి నీరో చిన్న ముక్కయో తీసి పరీక్షించుట కలదు.

తంబళ్లపల్లెనుండి బయలుదేరు తల్లిదండ్రులకు మదనపల్లె మొదటి మజిలీ. ఎముకల ప్రత్యేకవైద్యము కొరకు తిరుమల తిరుపతి దేవస్థానముల ఆధ్వర్యమున తిరుపతిలో నడచు బర్డ్ ఆసుపత్రి కలదు; సరిహద్దు దాటినచో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాల కలదు. ఎచ్చటికి పోయినను ఒక విషయము అడిగి తెలిసికొనదగును. పెర్తెస్ వ్యాధి ఆరంభమున సామాన్యపు ఎక్స్‌రే నిర్దోషముగా కనబడవచ్చును. బిడ్డను కప్పవలె మోకాళ్లు మడిచి కాళ్లు వెడల్పుగా చాపించి తీసిన రెండవ చిత్రములో, ఎముక శిరస్సు పైపొరక్రింద వెండ్రుకవంటి నల్లని గీత యొకటి కొన్నిమార్లు ముందుగనే పొడగట్టును. రెండు చిత్రములును బాగుగనే ఉండి కుంటు మాత్రము తగ్గనిచో, కొన్ని వారములు గడచిన పిదప మరల తీయుదురు.